తెల్లవారితే శుక్రవారం

మహేందర్‌కు లెక్కపెట్టే పిచ్చి పుట్టుకతోనే వచ్చింది. నకిరేకల్ దగ్గరి పల్లె నుంచి వాళ్ల కుటుంబం ఎల్బీనగర్‌కు వచ్చి పడేనాటికి అతనిది పలకా బలపం వయసు. తండ్రి బక్కయ్య ఆర్టీసీ డ్రైవరు. ఎప్పుడైనా కొడుకును బస్సులో ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తిప్పితే, ఆ పిల్లవాడు కిటికీలోంచి ఊరు చూసేవాడు కాదు. నాయన ఎన్నిసార్లు హారన్ కొట్టాడో, ఎన్నిసార్లు ఎవరిని తిట్టాడో లెక్కపెట్టుకుని వచ్చి తల్లికి అప్పజెప్పేవాడు. తల్లి అరుణమ్మకు అది మొదట్లో ముద్దుగానే ఉండేది. కొన్నాళ్లకు కుక్కర్ కూతలతో పాటు ఆవిడ నిట్టూర్పులు కూడా లెక్కలోకి రావడంతో, "నీ లెక్కలు పాడుగాను, జర నన్నిడిసిపెట్టు కొడకా" అని దండం పెట్టింది.

ఇలాంటి వాళ్లకు లోకంలో రెండే ఉద్యోగాలుంటాయి. బ్యాంకువాళ్లు అతన్ని తీసుకోలేదు కనుక కంప్యూటర్లవాళ్లకు దక్కాడు. ఎంసీయే పూర్తిచేసి, అమీర్‌పేటలో కోర్సు మీద కోర్సు చేసి, చివరికి తన ఇంటికి కూతవేటు దూరంలో ఉన్న దిల్‌సుఖ్‌నగర్‌లోనే పనికి కుదిరాడు. అదీ ఏదో అద్దాల మేడలో కాదు, జోగారావు గారి పూజాసామగ్రి కొట్టు పైన, అగరొత్తుల పెట్టెల మధ్య ఒక టేబులు వేసుకుని.

జోగారావు అమలాపురం మనిషి. కర్పూరం కొనడానికి వచ్చినవాళ్లంతా "మంచి పంతులుగారుంటే చెప్పండీ" అని అడుగుతుంటే, ఇరవై ఏళ్లపాటు చెప్పీ చెప్పీ విసిగిపోయి, పురోహితుల్ని బుక్ చేసుకునే వెబ్‌సైటు పెట్టించాలనుకున్నాడు. పెళ్లి, గృహప్రవేశం, వ్రతం, ఏదైనా సరే తేదీ, టైము నింపితే పంతులు గారు ఇంటికి వస్తారు. మహేందర్ ఆ సైటు కట్టాడు. కట్టి ఊరుకున్నాడా? ఎంతమంది చూశారు, ఎంతసేపు చూశారు, ఎక్కడ నొక్కారు అని రంగురంగుల గ్రాఫులు గీసి యజమాని ముందు పెట్టాడు.

జోగారావు వాటిని అటూ ఇటూ చూసి, "ఇవన్నీ నాకెందుకయ్యా? కొట్టు ముందు నిలబడి చూసేవాళ్లని లెక్కెట్టుకుంటే నా కర్పూరం అమ్ముడవుద్దా? పంతులు టైముకి వెళ్లాడా లేదా? అదొక్కటి చెప్పు, చాలు" అన్నాడు.

మాట చిన్నదే గానీ మహేందర్‌కు జ్ఞానోదయమైనంత పనైంది. ఊరందరికీ పనికొచ్చే లెక్కలు బజార్లో రెడీమేడ్‌గా దొరుకుతాయి. మన వ్యాపారానికి పనికొచ్చే లెక్క మనమే కుట్టించుకోవాలి. వారం రోజులు తిండి మీద ధ్యాస లేకుండా కూర్చుని ఆ లెక్క కుట్టాడు. పంతులు గారు గుమ్మంలో అడుగుపెట్టగానే ఒక నంబరుకు మిస్డ్ కాల్ ఇవ్వాలి. పైసా ఖర్చు లేదు. ఆ కాల్ వచ్చిన టైమునీ, బుకింగ్‌లో రాసిన టైమునీ సైటే పోల్చి చూసుకుంటుంది. టైముకు వస్తే ఆకుపచ్చ చుక్క, అరగంట దాటితే ఎర్ర చుక్క. "నాకు అంకెలొద్దు, రంగులు చాలు" అన్నది జోగారావు షరతు. కొట్లో గోడకు ఒక టీవీ తగిలించి, పురోహితులందరి పేర్లూ, చుక్కలూ దాంట్లో వేశారు. పచ్చ ఎక్కువున్నవాళ్లు పైన, ఎరుపు ఎక్కువున్నవాళ్లు కింద. కొత్త బుకింగులు పైవాళ్లకే పోతాయి.

పురోహితులేమీ తక్కువవాళ్లు కారు. కొందరు ఇంట్లో స్నానానికి పోతూ పోతూ మిస్డ్ కాల్ ఇచ్చేవాళ్లు. అప్పట్లో ఊరంతా తెలంగాణ ఉద్యమం. ఇవాళ బంద్, రేపు రాస్తారోకో, ఎల్లుండి వంటావార్పు. బంద్ వల్ల ఆలస్యమైతే చుక్క పడకుండా ఒక ఎస్సెమ్మెస్ ఏర్పాటు చేస్తే, పాపం ఆ పంతుళ్ల వీధుల్లో ప్రభుత్వానికే తెలియని బందులు జరిగేవి. అయినా మహేందర్‌కు తన బోర్డంటే ప్రాణం. పొద్దున్నే వచ్చి, టీవీ మీది దుమ్ము తన కర్చీఫుతో తుడిచేవాడు.

శ్రావణమాసం పెళ్లిళ్లు అయిపోయేసరికి బోర్డు మీద ఒక విచిత్రం కనిపించింది. పైనున్న పేర్లన్నీ నల్లగొండ, భువనగిరి వైపు పంతుళ్లవి. కిందికి జారినవన్నీ గోదావరి జిల్లాల నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లవి. అందరికన్నా అడుగున సోమయాజులు గారు. ముప్పై ఏళ్లుగా కోస్తా కుటుంబాలకు పెళ్లిళ్లు చేయిస్తున్న మనిషి. జోగారావు కూతురు తేజస్వినికి అక్షరాభ్యాసం చేయించింది ఆయనే. ఆయన పేరు పక్కన చుక్కలు కుంకుమ భరిణె ఒలికినట్టుండేవి.

పక్క పూలకొట్టు బాపిరాజు ఆ బోర్డు కేసి చూసి, జోగారావు చెవిలో, "కుర్రాడు జెండా పట్టుకు తిరుగుతాడంట కదండీ, మనవాళ్లే ఎర్రబడ్డారేంటో మరి" అన్నాడు. చెవిలో చెప్పిన మాటే, కానీ మెట్ల మీదున్న మహేందర్‌కు వినపడేటంత గట్టిగా చెప్పాడు.

మహేందర్ జెండా పట్టుకున్న మాట నిజమే. ఆదివారం ఆదివారం ఎల్బీనగర్ చౌరస్తాలో దీక్షా శిబిరానికి పోయి కూర్చుంటాడు. సకల జనుల సమ్మెలో తండ్రి బస్సు దిగి ఇంట్లో కూర్చుంటే గర్వంగా అందరికీ చెప్పుకున్నాడు. కానీ బోర్డులో వేలు పెట్టాడంటే మాత్రం ఓర్చుకోలేకపోయాడు. "సార్, నేను రాసిన దాంట్ల ఊరి పేరే లేదు. మనిషి ఒచ్చిండా, టైమెంత, గంతే. కావాలంటే ఎవరితోనన్న చూపియ్యున్రి" అన్నాడు యజమానితో.

"నేనేమైనా అన్నానా?" అన్నాడు జోగారావు. నిజమే, ఏమీ అనలేదు. కాకపోతే అంతకుముందు సాయంత్రం కాఫీ తెప్పిస్తే అడక్కుండా రెండు తెప్పించేవాడు. ఇప్పుడు, "నువ్వు తాగుతావా?" అని అడగడం మొదలుపెట్టాడు. ఆ ప్రశ్న మహేందర్‌కు చెంపదెబ్బలా తగిలేది. తాగనని చెప్పేవాడు. తన లెక్క తప్పు కాదని ఎట్లాగైనా వీళ్ల చేత ఒప్పించాలని, కోడ్ మొత్తం మొదటి నుంచి చివరిదాకా ఎన్నోసార్లు చదివాడు. ఎక్కడా పక్షపాతం కనపడలేదు. ఉంటే కదా కనపడటానికి.

కార్తీకం నుంచీ సోమయాజులు గారికి ఒక్క బుకింగూ పోలేదు.

మాఘమాసంలో తేజస్వినికి పెళ్లి కుదిరింది. గురువారం రాత్రి ముహూర్తం, ఎల్బీనగర్‌లో ఫంక్షన్ హాలు. తేజస్విని, "నాకు సోమయాజులు తాతగారే కావాలి నాన్నా" అంది. జోగారావు మనసు కూడా అటే లాగింది. కానీ ఊరందరి ఇళ్లకూ పచ్చ పంతుల్ని పంపుతూ, తన ఇంటికి ఎర్ర పంతుల్ని పిలిస్తే రేపు కొట్లో మొహం ఎక్కడ పెట్టుకోవాలి? పైగా వియ్యంకుడికి ఆ బోర్డు చూపించి గొప్పలు కూడా చెప్పుకుని ఉన్నాడు. అందుకని కళ్లజోడు పెట్టుకుని, శుభలేఖ ముందు పెట్టుకుని, తన సైట్లో తనే బుకింగ్ చేసుకున్నాడు. వారం గురువారం, సమయం రెండు గంటల పదిహేడు నిమిషాలు. పగలా రాత్రా అని సైటు అడిగితే రాత్రేనని నొక్కాడు. బోర్డు మీద అందరికన్నా పైనున్న వైకుంఠం పంతులు పేరు వచ్చింది. వైకుంఠం పంతులుది చౌటుప్పల్. పగటి పెళ్లిళ్ల మనిషి, ఎస్సెమ్మెస్ వస్తే గడియారంలా కదిలే మనిషి.

గురువారం పొద్దున చైతన్యపురిలో జోగారావు ఇంటి ముందు పందిరి కింద సందడిగా ఉంది. తేజస్వినికి మంగళస్నానాలయ్యాయి. మహేందర్ కూడా మైకు తీగలు సర్దుతూ అక్కడే ఉన్నాడు. జోగారావు ఫోను టింగుమంది. ఆయన కళ్లజోడు కోసం తడుముకుంటుంటే తేజస్వినే పసుపు చేతుల్తో ఫోను అందుకుని పైకి చదివింది.

"మీ ఇంట వివాహం శుభప్రదంగా పూర్తయినందుకు సంతోషం. నూతన దంపతులకు ఆశీస్సులు. పురోహితులు సమయానికి వచ్చారు. మీరెన్ని మార్కులు వేస్తారు?"

పందిరంతా ఒక్కసారి గొల్లుమంది. "నా పెళ్లి అయిపోయిందంట నాన్నా, నాకు చెప్పనేలేదు" అంది తేజస్విని. జోగారావు మాత్రం నవ్వలేదు. "ఏవిటయ్యా ఇది మహేందర్?" అన్నాడు.

మహేందర్ కూడా మొదట నవ్వాడు. నవ్వు సగంలో ఉండగా చేతిలో తీగ పక్కన పడేసి, వైకుంఠం పంతులుకు ఫోను కలిపాడు.

"నేను నిన్న రాత్రే ఒచ్చిన్నయ్యా" అన్నాడు పంతులు. "బుధవారం సాయంత్రం మెసేజొచ్చె, గురువారం రెండుంబావుకు పెండ్లని. అర్ధరాత్రి దాటితే గురువారమే గద! చలిల ఒచ్చి హాలు ముందర నిలవడ్డ. తాళమేసుంది. వాచ్‌మెన్ ఎవ్వలు లేరు పొమ్మన్నడు. బంద్ జేయవట్టి పెండ్లి వాయిదా పడ్డదేమో అనుకున్న. నేనొచ్చినట్టు మిస్డ్ కాల్ మాత్రం ఇచ్చిన, మల్ల చుక్క పడుతదని. పొద్దుగాల ఇంకో మెసేజొస్తే సూర్యాపేట బయల్దేరిన. ఇప్పుడు రోడ్డు మీద రాస్తారోకో, ముందుకు లేదు, ఎనుకకు లేదు."

మహేందర్ ఫోను పెట్టేశాడు. టేబులు మీద శుభలేఖ ఉంది. తీసి చూశాడు. 'గురువారం రాత్రి 2 గం. 17 ని.లకు (తెల్లవారితే శుక్రవారం)'. ఆ కుండలీకరణంలోని రెండు మాటలు అతను పుట్టి బుద్ధెరిగి ఎన్నడూ పట్టించుకోలేదు. వాళ్ల ఊళ్లో, వాళ్ల చుట్టాల్లో పెళ్లంటే పట్టపగలు. పదకొండింటికి తలంబ్రాలు, ఒంటిగంటకు భోజనాలు. నడిరాత్రి పెళ్లి చేసుకునేవాళ్లు కోస్తావాళ్లు. వాళ్లకు రోజు సూర్యుడితో మొదలై సూర్యుడితో మారుతుంది. అతని కంప్యూటర్‌కు మాత్రం రాత్రి పన్నెండు కొట్టగానే మారిపోతుంది. అంటే సోమయాజులు గారు శుభలేఖ చూసి సరిగ్గా ముహూర్తానికి పోయి మిస్డ్ కాల్ ఇచ్చిన ప్రతిసారీ, సైటు దృష్టిలో ఆయన ఒక రోజు ఆలస్యం. ఇరవై నాలుగు గంటల ఆలస్యమని అంకెల్లో చూపిస్తే ఏ అడ్డమైనవాడికైనా అనుమానం వచ్చేది. రంగులే చాలన్నారు కదా, ఎర్ర చుక్క పడి ఊరుకుంది. రాత్రి పెళ్లిళ్లు చేయించే ప్రతి కోస్తా పురోహితుడికీ అలాగే పడింది. పెళ్లే జరగని హాలుకు ఠంచనుగా వచ్చిన పంతులుకేమో పచ్చ చుక్క. ఆయన మిస్డ్ కాల్ చూసే సైటు పెళ్లయిపోయిందనుకుని ఆశీస్సులు పంపింది.

అతనికి ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ తన లెక్కలో పక్షపాతం లేదని ఒట్లు పెట్టాడు. పక్షపాతం లేకుండానే అన్యాయం చేశాడు.

"సార్, తప్పు నాదే. మొత్తం నాదే" అని జరిగిందంతా చెప్పాడు. జోగారావు నమ్మాడో లేదో తెలియలేదు. ఆయనకు ఆ క్షణాన కావలసింది పంతులు. మంచి ముహూర్తాల రోజు. తెలిసిన పురోహితులందరికీ ఫోన్లు చేస్తే అందరూ ఏదో ఒక పెళ్లిలో ఉన్నారు. ఊరు మొత్తం మీద ఖాళీగా ఉన్న పురోహితుడు ఒక్కడే. ఖాళీగా ఎందుకున్నాడో అందరికీ తెలుసు.

మహేందర్ బండి తీశాడు.

సోమయాజులు గారు అద్దె తక్కువని బడంగ్‌పేట్‌లో ఒక చిన్న ఇంట్లో ఉంటున్నారు. గుమ్మంలో ఆయన భార్య అమ్మాజీ గారు చింతపండు ఈనెలు తీస్తూ కూర్చుని ఉంది. మహేందర్‌ను చూసింది, చేతులు మాత్రం ఆపలేదు.

"బోర్డు అబ్బాయివి కదూ నువ్వు?"

"అవునమ్మా."

"ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పు బాబూ. మేం ఆంధ్రావాళ్లమనేనా?"

మహేందర్ చెప్పులు విడిచి, ఎండలోనే నిలబడి మొత్తం చెప్పాడు. రాత్రి పన్నెండింటికి మారే రోజు, తెల్లవారితే మారే రోజు, ఎర్ర చుక్కలు, జోగారావు ఇంటి పెళ్లి. "నాకు రాత్రి పెండ్లి తెల్వదమ్మా. నేనెన్నడు సూడలె. తెల్వక చేసిన" అన్నాడు. అమ్మాజీ గారు చింతపండు పక్కన పెట్టి లేచింది.

"లోపలికి చూడు" అంది.

లోపల సోమయాజులు గారు స్నానం చేసి, మడత నలగని పంచె కట్టుకుని, విభూతి పెట్టుకుని, సంచీ సర్దుకుని, ఫోను పక్కనే కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఎక్కడికో బయల్దేరబోతున్నట్టుంది.

"కార్తీకం నుంచీ రోజూ ఇదే వరస" అంది ఆవిడ గొంతు తగ్గించి. "తెల్లారేసరికి తయారై కూర్చుంటారు. ఎవరైనా పిలిస్తే మళ్లీ ఆలస్యమైపోకూడదుట. మీ పెట్టె ఆయన్ని ఆలస్యం మనిషంటే, నిజమే కాబోలు అనుకున్నారు."

మహేందర్ కళ్లు తుడుచుకున్నాడు.

సోమయాజులు గారు జోగారావు ఇంటి పెళ్లి అని వినగానే సంచీతో లేచి నిలబడ్డారు. "తేజస్విని పెళ్లా? అలిగి కూర్చోవడానికి ఆ పిల్లేం చేసింది? పద" అన్నారు. అమ్మాజీ గారు మాత్రం గుమ్మం దాకా వచ్చి, "ఆయన వస్తున్నది ఆ పిల్ల కోసం. నీ మాట నేను నమ్మాననుకోకు" అంది. మహేందర్ తల వంచుకుని బండి స్టార్టు చేశాడు.

ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు, పొయ్యిల మీద గుండిగలు, మైకులో పాటలు. శిబిరంలో అందరూ మహేందర్‌కు తెలిసినవాళ్లే. "ఏందిరా మహేందర్, అయ్యగారిని ఎటు తోల్కపోతున్నవ్?" అని అడ్డం వచ్చారు. "పెండ్లన్నా, జర తొవ్వియ్యి" అన్నాడు. గరిటె పట్టుకున్న పెద్దమనిషి ఒకాయన దండం పెట్టి, "అయ్యగారూ, పంచాంగం చూసి చెప్పున్రి, తెలంగాణ ఎప్పుడొస్తది?" అన్నాడు.

సోమయాజులు గారి యాస వింటే ఏమంటారో అని మహేందర్ భయపడ్డాడు. ఆయన వెనక సీటు మీద నింపాదిగా సర్దుకుని, "నన్నడుగుతారేంటి నాయనా, ఇదిగో ఈ అబ్బాయిని అడగండి. ఇతను లెక్క వేశాడంటే ఏదైనా సరే ఒక రోజు ముందే వచ్చేస్తుంది" అన్నారు. ఏం అర్థమైందో ఏమో గానీ ఒక రోజు ముందే అన్న మాటకు అందరూ ఈలలు వేసి, గుండిగను పక్కకు జరిపి బండికి దారిచ్చారు.

ఆ రాత్రి, తెల్లవారితే శుక్రవారమనగా, తేజస్విని పెళ్లి జరిగింది. మహేందర్ తన జన్మలో మొదటిసారి రాత్రి పెళ్లి చూశాడు. సగంలో నిద్రపోయాడని తేజస్విని ఇప్పటికీ చెబుతుంది, అతను ఒప్పుకోడు.

సోమవారం కొట్టు తీసేసరికి మహేందర్ బోర్డు మొత్తం తిరగరాశాడు. ఇప్పుడు సైట్లో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. పాత పెళ్లిళ్లన్నీ మళ్లీ లెక్క వేశాడు. టీవీలో రంగులు మారిపోయాయి. పైనా కిందా ఇటువాళ్లూ అటువాళ్లూ కలిసిపోయారు. నిజంగా ఆలస్యంగా పోయే మహానుభావులు రెండు వైపులా సమానంగానే ఉన్నారని తేలింది. ఆ సంగతి చూసి బాపిరాజు పూలు కట్టుకోవడంలో మునిగిపోయాడు.

మధ్యాహ్నం అమ్మాజీ గారు కర్పూరం కొనడానికని వచ్చింది. బడంగ్‌పేట్‌లో కర్పూరం దొరకదా అని ఎవరూ అడగలేదు. ఆవిడ బోర్డు కింద నిలబడి భర్త పేరు వెతుక్కుంది. అడుగున కాదు, పై నుంచి మూడో పేరు. పక్కన వరసగా పచ్చ చుక్కలు, మధ్యలో ఒకే ఒక్క ఎరుపు.

"మళ్లీ ఈ ఎరుపేంటి?" అంది.

జోగారావు కంగారుపడి, "తీసెయ్యవయ్యా మహేందర్. ఇంత జరిగాక ఆ ఒక్కటీ ఎందుకు?" అన్నాడు.

మహేందర్ కుర్చీలోంచి లేచాడు. "తియ్యను సార్. అమ్మా, అది శ్రావణంల, కొత్తపేటల సత్యనారాయణ వ్రతం. పట్టపగలు. రెండుసార్లు చూసిన. ఆ పొద్దు అయ్యగారు నిజంగనే గంట లేటు పోయిన్రు."

అమ్మాజీ గారు మళ్లీ ఆ చుక్క వంక చూసింది. ఆవిడ మొహంలోకి మెల్లగా నవ్వొచ్చింది.

"కొత్తపేట పళ్ల మార్కెట్టు దగ్గర చిన్ననాటి స్నేహితుడు కనిపించాట్ట. ఇంటికొచ్చి చెబితే నాలుగు చీవాట్లు పెట్టాను" అంది. "ఆ మిగతా పచ్చవన్నీ ఎవరివో నాకు తెలీదు గానీ బాబూ, ఆ ఎర్రది మాత్రం అచ్చంగా మా ఆయనే. దాన్ని ఉంచు. ఇప్పుడు నీ మాట నమ్ముతాను."

జోగారావు గల్లాపెట్టె దగ్గర్నుంచి లేచి, గుమ్మంలోకి పోయి, ఎదురుగా ఉన్న హోటల్‌కేసి కేకేశాడు. మూడు కాఫీలు చెప్పాడు. నువ్వు తాగుతావా అని మహేందర్‌ని అడగలేదు.